తల్లికి చూపించరు

సావిత్రికి కోపం ముక్కు మీదే ఉంటుందని ఆక్లండ్‌కు దక్షిణాన హామిల్టన్‌లో ఉన్న తెలుగువాళ్ళందరికీ తెలుసు. ఆ కోపం ఎందుకొచ్చిందని మాత్రం ఒక్కరూ అడగరు. అడిగితే ఆమె చెబుతుందని భయం. చెబితే వినాల్సి వస్తుందని అంతకన్నా భయం.

ఆమె పని చేసేది బ్రాక్‌హర్స్ట్ వాళ్ళ ఫ్యూనరల్ హోమ్‌లో. మనవైపు అలాంటి చోటు లేదు కాబట్టి కాస్త చెప్పాలి. పోయినవాళ్ళను ఆసుపత్రి నుంచో ఇంటి నుంచో తెచ్చి, స్నానం చేయించి, బట్టలు కట్టి, పెట్టెలో పడుకోబెట్టి, శ్మశానం దాకా దగ్గరుండి దింపి వచ్చే ఇల్లు అది. మూడు తరాలుగా ఒకే కుటుంబం నడుపుతోంది. తాత వడ్రంగి. తలుపులూ కిటికీలూ చేసే చేత్తోనే శవపేటికలు చేయడం మొదలుపెట్టాడు. ఆయన కొడుకు కెన్ దాన్ని పెద్దది చేశాడు. ఇప్పుడు కెన్ కూతురు రేచల్ చూసుకుంటోంది. ఊళ్ళో ఏ పాత కుటుంబాన్ని అడిగినా, మా తాతను వాళ్ళే పంపించారు, మా నాన్ననూ వాళ్ళే పంపించారు అని చెప్పుకుంటారు.

రేచల్ కాఫీ కొట్టుకు వెళితే జనం కుర్చీ జరిపి కూర్చోబెడతారు. పెళ్ళిళ్ళకు పిలుస్తారు. పిల్లల పుట్టినరోజులకు పిలుస్తారు. ఆ ఊరి కుర్రాళ్ళు రగ్బీ ఆడే జెర్సీల మీద బ్రాక్‌హర్స్ట్ పేరు ఉంటుంది. ఇదంతా సావిత్రి కళ్ళారా చూసింది. అదే ఇంట్లో అదే పని చేసే తనకు సొంత మనుషుల దగ్గర ఏం జరుగుతోందో కూడా చూసింది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. సావిత్రికి మండింది.

ఆమెది జనగామ. భర్త జనార్దన్‌కు పాలపొడి ఫ్యాక్టరీలో ఉద్యోగం రావడంతో వెనకే వచ్చింది. 2008లో బ్రాక్‌హర్స్ట్ వాళ్ళ దగ్గర నేల తుడిచే పనిలో చేరింది. శవాలున్న గదుల్లోకి వెళ్ళనక్కర్లేదు, ముందు హాలూ ఆఫీసూ తుడిస్తే చాలన్నారు. అలాగే ఒక ఏడాది గడిచింది.

ఆ మరుసటి ఏడు కొడుకు దగ్గరికి చూసిపోదామని వచ్చిన ఒక తెలుగు పెద్దావిడ నిద్రలోనే పోయింది. కొడుకు పట్టుచీర తెచ్చి ఇచ్చి వెళ్ళాడు. కెన్, అతని దగ్గర పనిచేసే అమ్మాయీ ఇంటర్నెట్‌లో బొమ్మ చూసుకుంటూ, పాపం, శ్రద్ధగా కట్టారు. పైట కుడిభుజం మీద వేశారు. కుచ్చిళ్ళు తీసుకెళ్ళి నడుము వెనక దోపారు. తుడుపుకర్ర పట్టుకుని గుమ్మంలోంచి అది చూసిన సావిత్రికి కాళ్ళు ఆగలేదు. కర్ర గోడకు ఆనించి, చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళింది.

"నేను కడతాను," అంది.

కెన్ పక్కకు జరిగాడు. "ఒక్క సంగతి," అన్నాడు. "మా నాన్న పెట్టిన పద్ధతి. ముందు పేరు పెట్టి పిలువు. ఏం చేయబోతున్నావో చెప్పు. ఆ తర్వాతే ముట్టుకో."

సావిత్రి ఆ పెద్దావిడ చెవి దగ్గర వంగి, అమ్మా, చీర సరిగా కట్టలేదు, విప్పి మళ్ళీ కడుతున్న, ఏమనుకోకు అని చెప్పింది. చెప్పిన క్షణంలో భయమన్నది పోయింది. ఆ రోజు నుంచి మన ఆడవాళ్ళు ఎవరు పోయినా ఆఖరి స్నానం పోసేది, నుదుట బొట్టు పెట్టేది సావిత్రే.

ఇక మనవాళ్ళ సంగతి. చావు జరిగిన ఇంట్లో సావిత్రి పేరు దేవుడి పేరు తర్వాత వినిపించేది. ఆంటీ మీరు రావాలి, ఆంటీ మీరే చూసుకోవాలి, మాకేం తెలీదు ఆంటీ. ఆమె వెళ్ళేది. పన్నెండు రోజులు అయ్యేసరికి అదే మనుషులు సూపర్‌మార్కెట్‌లో ఆమెను చూసి ట్రాలీ పక్క వరసలోకి తిప్పుకునేవారు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. శవాలను ముట్టుకునే చెయ్యట. ఆ చెయ్యి శుభకార్యంలో తగలకూడదట. తమ తల్లిని తాకినప్పుడు ఆ చెయ్యి చల్లని చెయ్యి. తమ బొమ్మల కొలువు దగ్గరికి వచ్చేసరికి పాడు చెయ్యి.

ఒక ఉగాదికి తెలుగు సంఘం వాళ్ళు తలా ఒక వంటకం తెమ్మన్నారు. సావిత్రి పులిహోర కలిపి పెద్ద గిన్నె నిండా తీసుకెళ్ళింది. చుట్టూ ఉన్న గిన్నెలు అడుగంటాయి. ఆమె గిన్నె మూత కూడా ఎవరూ తీయలేదు. నిండు గిన్నె ఒళ్ళో పెట్టుకుని కారులో ఇంటికి వచ్చింది.

"పోనియ్యవే," అన్నాడు జనార్దన్. "రేపు నా టిఫిన్ బాక్సుల పెట్టు. మావోళ్ళు గిన్నె నాకి ఇస్తరు."

ఫ్యాక్టరీలో అతనితో పనిచేసే మావోరీ కుర్రాళ్ళు నిజంగానే గిన్నె నాకి ఇచ్చారు. కానీ కడుపులో మంట పులిహోరతో చల్లారేది కాదు. పెళ్ళికి పిలిస్తే వెళ్ళాలి, చావుకి పిలవకపోయినా వెళ్ళాలి అని పెద్దలు ఊరికే అనలేదు. ఆ మాటలో సగం ఆమె పాటిస్తోంది. మిగతా సగానికి పిలవాల్సినవాళ్ళు పిలవడం లేదు. సంఘానికి వెళ్ళడం ఆమె మానేసింది. చావులకు మాత్రం మానలేదు.

ఈ మొత్తం వ్యవహారంలో ఆమె మంచి చూసింది ఒక్క వర్షితలోనే. విజయవాడ నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్ల. ఫ్లాట్‌లో ఆరుగురితో కలిసి ఉండలేక 2011లో సావిత్రి ఇంట్లో గది అద్దెకు తీసుకుంది. మూడేళ్ళు ఉంది. సావిత్రి శవం దగ్గర్నుంచి వచ్చి తలస్నానం చేసి కూర్చుంటే, వెనక నిలబడి జుట్టు తుడిచేది. ఈ రోజు ఎవరు ఆంటీ, ఏ చీర కట్టారు, పిల్లలు బాగా ఏడ్చారా అని అడిగేది. అలా అడిగిన మనిషి ఇంకొకరు లేరు. తర్వాత శ్రీవత్స అనే కాకినాడ కుర్రాణ్ణి పెళ్ళి చేసుకుంది. ఇద్దరూ ఊరి చివర రోటోటూనాలో కొత్త ఇల్లు కొనుక్కున్నారు. గృహప్రవేశానికి సావిత్రిని సాయంత్రం భోజనానికి రమ్మన్నారు. పొద్దున పూజకు రమ్మనలేదు. సావిత్రి గమనించింది. వర్షిత ముఖం చూసి ఊరుకుంది.

2016 జూలైలో వర్షితకు ఏడో నెల. శ్రీమంతం చేస్తామని, అత్తగారు కామేశ్వరమ్మ కాకినాడ నుంచి వచ్చారని తెలిసింది. సావిత్రి ఆక్లండ్‌లో ఉన్న కొడుకు చేత గాజులు తెప్పించింది. ఆకుపచ్చవి రెండు డజన్లు, ఎరుపు రెండు డజన్లు. వారం ముందు వర్షిత ఫోన్ చేసింది.

"ఆంటీ..." అంది. "అత్తయ్యకు కొన్ని పట్టింపులు ఆంటీ. కడుపుతో ఉన్నదాన్ని కదా అని... నేను చాలా చెప్పాను."

సావిత్రికి అర్థమైంది. ఆ పిల్ల నోటితో ఆ మాట అనిపించడం ఇష్టం లేక తనే అబద్ధం ఆడింది.

"శనివారమే గదా? నాకు డ్యూటీ ఉన్నది బిడ్డా. అదే చెప్దామనుకుంటున్న. నువ్వు మంచిగ చేసుకో."

ఫోన్ పెట్టేసి వంటింట్లో గిన్నెలన్నీ కడిగింది. కడిగినవే మళ్ళీ కడిగింది. ఆ కామేశ్వరమ్మను ఆమె ఎన్నడూ చూడలేదు. చూడకుండానే ఆ రోజు ఎన్ని తిట్లు తిట్టిందో, జనార్దన్ టీవీ ముందు కూర్చుని అన్నీ విన్నాడు, ఒక్కటీ కాదనలేదు.

శ్రీమంతం అయిన ఆరో వారంలో, మంగళవారం పొద్దున పది గంటలకు, రేచల్ ఆఫీసులోంచి బయటికి వచ్చి సావిత్రి పక్కన కూర్చుంది. కూర్చుని మాట్లాడిందంటే తెలిసినవాళ్ళ సంగతే.

"ఆసుపత్రి నుంచి ఫోన్. ఒక పాప. పుట్టేసరికే ప్రాణం లేదు. తల్లిదండ్రుల పేర్లు..." అని కాగితం చూపించింది.

సావిత్రి ఆ పేర్లు రెండుసార్లు చదివింది. అప్రాన్ విప్పి, కోటు వేసుకుని కారెక్కింది. నేను వెళ్తాను, నువ్వు ఉండు అని రేచల్ అంది. ఆ మాట సావిత్రి విననే లేదు.

ఆసుపత్రిలో కాన్పులు చూసే మిడ్‌వైఫ్ జరిగింది చెప్పింది. నిన్న రాత్రి ఉన్నట్టుండి పాప గుండె చప్పుడు అందకుండా పోయింది. హడావుడిగా మత్తిచ్చి ఆపరేషన్ చేశారు. పాప దక్కలేదు. తల్లి ప్రాణానికి భయం లేదు, కానీ ఇంటికి వెళ్ళడానికి ఇంకో రెండు రోజులు పడుతుంది. పాపను ముందే తీసుకెళ్ళవచ్చు.

"తల్లి చూసిందా?" అని అడిగింది సావిత్రి.

"లేదు. మేము మీ పద్ధతి పాటించాం," అంది మిడ్‌వైఫ్. ఏదో మంచి పని చేసినట్టే, మెత్తగా అంది. "ఆమె భర్త ఎటూ తేల్చుకోలేకపోయాడు. అప్పుడు మీరు రాసిన కాగితం చూపించాం. అతని అమ్మగారు అవును, మాలో అంతే అన్నారు. దాంతో అతను సంతకం పెట్టాడు."

"నేను రాసిన కాగితమా?"

ఆమె సొరుగులోంచి ఒక అట్ట తీసింది. ప్లాస్టిక్ అంటించిన ఒక పేజీ. పైన బ్రాక్‌హర్స్ట్ పేరు. కింద, సావిత్రి సాయంతో తయారు చేసినది అని ఉంది. నాలుగేళ్ళ కింద ఒక తెలుగు జంటకు ఇలాగే పసిబిడ్డ పోయినప్పుడు, మీలో ఏం చేస్తారని రేచల్ అడిగింది. సావిత్రి ఆలోచించకుండా, తన అత్తగారి నోట విన్నదే చెప్పింది. రేచల్ జాగ్రత్త గల మనిషి. ఇంకా పది విషయాలు అడిగి అన్నీ టైపు చేయించి, మన భారతీయ కుటుంబాలను ఎవరూ తెలియక బాధపెట్టకూడదని ఆసుపత్రికి కూడా ఒక ప్రతి పంపింది. ఆ రోజు సావిత్రి ఆ పేజీ జనార్దన్‌కు చూపించి మురిసిపోయింది. నా పేరు అచ్చయింది చూడు అంది.

ఏడో వరసలో ఉంది. పసిబిడ్డను తల్లికి చూపించరు. మగవాళ్ళు తీసుకెళ్ళి పూడ్చి వస్తారు.

ఇన్నాళ్ళూ లోకం మీద పెంచుకున్న కోపమంతా ఒక్కసారి ఇంటిదారి పట్టి తన మీదకే వచ్చి కూర్చుంది. ఎవరు చెప్పమన్నారు తనను? ఏ శాస్త్రంలో చదివింది? ఏ తల్లిని అడిగింది? అత్త అన్నది, తను అంది. తను అన్నదానికి రేచల్ అచ్చు వేసింది. అచ్చు పడ్డదానికి ఆసుపత్రివాళ్ళు గౌరవం ఇచ్చారు. చివరికి అందరి గౌరవమూ కలిసి ఆ పిల్ల మీద బండరాయిలా పడింది.

పాపను తెచ్చుకుంది. స్నానం చేయించేముందు, కెన్ నేర్పిన పద్ధతిలో పేరు పెట్టి పిలవబోతే పేరు లేదు. బంగారూ అని పిలిచింది. బంగారూ, నీళ్ళు గోరువెచ్చగ పోస్తున్న. బంగారూ, చెయ్యి ఎత్తుతున్న. పాపకు చక్కటి రూపం వచ్చేసింది. గోళ్ళు, రెప్పవెంట్రుకలు, అన్నీ ఉన్నాయి. తెల్లటి బట్టలో చుట్టి, చల్లదనం నిలిచే చిన్న పరుపు మీద పడుకోబెట్టింది. శుక్రవారం పదకొండు గంటలకు పూడ్చడానికి ఏర్పాటైంది. వర్షిత గురువారం ఇంటికి వస్తుంది.

గురువారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. వర్షితే. గొంతు కాదు, గొంతు కింద మిగిలిన గాలి లాంటిది.

"ఆంటీ, మీరు చూశారా?"

"చూసిన బిడ్డా."

"ఎవరి పోలిక?"

సావిత్రి నోరు తెరిచింది. చెప్పడానికి మాటలు ఉన్నాయి. కానీ ఆ మాటలు చెప్పే హక్కు తనకు ఎక్కడిది అనిపించింది.

"అది నేను చెప్పేది కాదు. నువ్వు చూడాలె. నువ్వు అడిగినవా?"

"అడిగాను. ఆసుపత్రిలో మత్తులో ఉన్నాను ఆంటీ, ఏం తల ఊపానో కూడా తెలీదు. ఇంటికొచ్చాక అడిగాను. చూడకపోతేనే మంచిదంటున్నారు. శ్రీవత్స ఏమో అమ్మ చెప్పింది విందాం అంటున్నాడు. పాలు పడ్డాయి ఆంటీ. బ్లౌజంతా తడిసిపోతోంది. ఎవరి కోసం పడ్డాయో వాళ్ళని నేను చూడకూడదంట."

"ఏడ్వకు," అంది సావిత్రి. "కుట్లు పిగులుతయ్. పొద్దుగాల తొమ్మిదికి నేనొస్త."

ఆమె నేరుగా రేచల్ గదిలోకి వెళ్ళింది. ఆ పేజీ అడిగి తీసుకుంది. ఎర్ర పెన్నుతో ఏడో వరస కొట్టేసింది. ఎంత గట్టిగా కొట్టిందంటే కాగితం చిరిగింది.

"ఇది తప్పు. నేనే చెప్పాను, నేనే చెబుతున్నాను, తప్పు. ఆసుపత్రిలో ఉన్నది ఈ రోజే తీయించు. తల్లిని అడగండి. అంతే రాయి. తల్లిని అడగండి."

రేచల్ చిరిగిన చోట వేలు పెట్టి కాసేపు చూసింది. "సంతకం పెట్టింది తండ్రి," అంది. "కానీ తల్లికీ అంతే హక్కు ఉంది. ఆమె అడిగిందంటే మనం తీసుకెళ్తాం. వ్యాను నేను నడుపుతాను. లోపలికి నువ్వే వెళ్ళు."

శుక్రవారం తొమ్మిదింటికి రోటోటూనాలో ఆ ఇంటి ముందు వ్యాను ఆగింది. కొత్త ఇళ్ళ వీధి. అన్నీ ఒకే రంగు పెంకులు, ఒకే ఎత్తు కంచెలు. సావిత్రి పాపను పడుకోబెట్టిన తెల్లటి అల్లికబుట్టను రెండు చేతులతో పట్టుకుని నడిచింది. మోచేత్తో బెల్లు నొక్కింది.

తలుపు తీసింది కామేశ్వరమ్మ. అరవై దాటిన మనిషి. ముతక స్వెట్టర్ మీద శాలువా కప్పుకుని ఉంది. ఆమె చూపు బుట్ట మీద పడింది.

"ఇదేవిటండీ, ఇంటికి తెచ్చారేవిటి? తిన్నగా శ్మశానానికే అనుకున్నాం కదా."

"వర్షిత అడిగింది. తెచ్చిన."

"పచ్చి బాలింతండీ. దానికేం తెలుసు, ఏదో అంటుంది. మీలాంటి పెద్దవాళ్ళు వద్దని చెప్పాలి గానీ." ఆమె తలుపును సగం మూసి పట్టుకుంది.

వెనక నుంచి శ్రీవత్స వచ్చాడు. గడ్డం పెరిగింది, కళ్ళు ఉబ్బాయి. "ఆంటీ, ప్లీజ్. తను ఇప్పటికే చాలా డిస్టర్బ్ అయి ఉంది. నేను పదకొండింటికి అక్కడికే వస్తాను కదా."

"నువ్వు చూసినవా కొడుకా, పాపను?"

అతను తల దించుకుని, "ఒక్క నిమిషం," అన్నాడు.

"ఆ ఒక్క నిమిషం నీ పెండ్లాంకు వద్దా?"

"మా ఇంటి సంగతి చెప్పడానికి మీరెవరండీ?" అంది కామేశ్వరమ్మ.

అంతే. సావిత్రి గొంతులో ఏడేళ్ళుగా అణిచిపెట్టినదంతా కట్ట తెంచుకుంది.

"నేనెవరా? మీ ఇంట్ల శ్రీమంతానికి రావొద్దన్నది నన్నే. చేతికి మైల అంటిందని. రాలే. కడుపు మండింది, ఊకున్న. అది నా మర్యాద ముచ్చట, నేను మింగుకున్న. ఇది మింగను. ఎనిమిది నెలలు మోసింది ఎవరు? కడుపు కోయించుకున్నది ఎవరు? ఆ పాప మొకం డాక్టర్ చూసింది, నర్సు చూసింది, నేను చూసిన, అగో, ఆ బండిల కూసున్న తెల్లామె చూసింది. ఊరంత చూసిన్రు. తల్లి ఒక్కతి చూడొద్దా? ఏం న్యాయమమ్మా ఇది? ఎవరు పెట్టిన్రు? నేను గూడ పెట్టిన, తెలుసా మీకు? దవాఖానల మీకు చూపిచ్చిన కాగితం నేనే రాసిన. బుద్ధి లేక రాసిన. ఇయ్యాల నేనే చెప్తున్న. తల్లి చూడందే ఈ పాప ఈ ఇంటి ముంగట నుంచి కదలదు. పోలీసులను పిలుస్తరా, పిలువున్రి."

ఎదురింటి ఆవిడ చెత్త బిన్ను బయట పెట్టడానికి వచ్చి, అది అక్కడే వదిలి లోపలికి పోయింది. శ్రీవత్స గోడకు ఆనుకున్నాడు. కామేశ్వరమ్మ మాత్రం తలుపు వదల్లేదు. కానీ గొంతు తగ్గింది.

"చూస్తే ఇక ఎప్పటికీ మరిచిపోలేదండీ. నా మాట వినండి. పగవాళ్ళమా మేం? కోడలి మంచికే కదా. చూడకపోతే నాలుగు నెలలకు తేరుకుంటుంది, మళ్ళీ కడుపు పండుతుంది, మరిచిపోతుంది. మా అత్తగారు అదే చెప్పారు, మా అమ్మా అదే చెప్పింది. చూడకపోతే మరిచిపోతారు."

"ఎవరు మరిచిపోయిన్రు?" అంది సావిత్రి. "ఒక్కరి పేరు చెప్పున్రి. ఒక్కరి పేరు చాలు."

కామేశ్వరమ్మ జవాబు చెప్పడానికే నోరు తెరిచింది. ఆ పేరు నాలుక చివరే ఉన్నట్టు పెదవులు కదిలాయి. తర్వాత ఆగిపోయాయి. ఆమె చెయ్యి తలుపు మీద నుంచి జారి, పక్కనున్న చెప్పుల బల్లను వెతుక్కుంది. దాని మీద మెల్లగా కూర్చుంది.

"మగపిల్లాడట," అంది ఎటో చూస్తూ. "వీడి కంటే రెండేళ్ళు ముందు. నర్సు చెప్పింది. గుడ్డలో చుట్టి ఆయన పట్టుకెళ్ళిపోయారు."

"అమ్మా?" అన్నాడు శ్రీవత్స. ముప్పై రెండేళ్ళు వచ్చిన ఆ కొడుకు ఈ మాట వినడం అదే మొదటిసారి.

సావిత్రి చేతులు నొప్పి పుడుతున్నాయి. అయినా బుట్ట కింద పెట్టలేదు. పొడవాలని కాదు, కానీ అడగక తప్పలేదు.

"మరిచిపోయిన్రా, అమ్మా?"

"లేదు," అంది కామేశ్వరమ్మ.

వంటింట్లో కుక్కర్ ఒక కూత కూసి ఊరుకుంది. కామేశ్వరమ్మ శాలువా కొసతో ముఖం తుడుచుకుని లేచింది. రెండు చేతులూ చాపింది.

"బరువుంటుందా?"

"రెండు కిలోల మీద కొంచెం."

చాపిన ఆ చేతులకు బుట్ట అందించేటప్పుడు, సావిత్రి వేళ్ళు కామేశ్వరమ్మ వేళ్ళకు తగిలాయి. ఆవిడ చేతులు వెనక్కి తీసుకోలేదు. బుట్టను పొట్టకు ఆనించి పట్టుకుని లోపలి గది వైపు నడిచింది. నడుస్తూ, రెండో అడుగుకే బుట్టలోకి చూసింది. అక్కడే ఆగి గోడ పట్టుకుంది. కొడుకు వచ్చి భుజం కింద చెయ్యి వేశాడు. ఇద్దరూ కలిసి లోపలికి వెళ్ళారు.

వర్షిత మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. గుమ్మం దగ్గర జరిగిందంతా వినే ఉంటుంది. చేతులు ముందే చాపి ఉన్నాయి. కామేశ్వరమ్మ బుట్టను మంచం మీద పెట్టింది. తీసి ఇవ్వడానికి ఆమె వల్ల కాలేదు. సావిత్రి వంగి, బంగారూ, అమ్మ దగ్గరికి పోతున్నవ్ అని చెప్పి, పాపను ఎత్తి తల్లి ఒళ్ళో పెట్టింది.

వర్షిత ఏడవలేదు. అందరూ ఏడుస్తుందనే అనుకున్నారు. ఆమె నిదానంగా, పరీక్షగా చూసింది. వేళ్ళు విప్పి చూసింది. పాదాలు చేతిలో పట్టుకుని చూసింది. తర్వాత తల మీద కప్పిన తెల్లటి గుడ్డ మెల్లగా వెనక్కి తీసింది. కింద నల్లటి, ఒత్తయిన జుట్టు, మెడ దాకా ఉంది.

ఆమె తలెత్తింది. భర్త వైపు చూసింది, అత్త వైపు చూసింది, సావిత్రి వైపు చూసింది.

"ఇంత జుట్టుందని నాకెవ్వరూ చెప్పలేదేం?"

గట్టిగా అరిచింది. కుట్లు నొప్పెట్టి ఉంటాయి, లెక్కచేయలేదు. "నా పాప కదా. నాకెందుకు చెప్పలేదు? ఎవ్వరూ ఎందుకు చెప్పలేదు?"

ఏడో వరస చెప్పిన సావిత్రి ఆ తెల్లటి గుడ్డను మడిచి బుట్టలో పెట్టింది. కామేశ్వరమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని, వేలితో ఆ జుట్టును ఒక్కసారి ముట్టుకుంది. ముట్టుకుని, కోడలి మోకాలి మీద తల పెట్టి, ముప్పై నాలుగేళ్ళ ఏడుపు ఏడ్చింది.

సావిత్రి బయటికి వచ్చింది. రేచల్ వ్యాను అద్దం దించి, టైము చూపించి, కనుబొమలు ఎత్తింది. పదకొండింటికి శ్మశానంలో మనుషులు ఎదురుచూస్తుంటారు.

"ఫోన్ చేసి చెప్పు," అంది సావిత్రి. "పదకొండింటికి రాము. ఎప్పుడొస్తామో ఆ తల్లి చెబుతుంది."